మొక్కజొన్న ఊదారంగుకు తిరిగిందా? డీఏపీ బస్తా విప్పే ముందు ఇది చూడండి

సమస్య
వరి కోసిన మడిలో మొక్కజొన్న వేశారు. డిసెంబరు చలిలో, మూడు నాలుగు ఆకుల దశలో, కింది ఆకుల కొసలు, అంచులు ఊదారంగుకు తిరిగాయి. మొక్క ఎదగడం లేదు. మొక్కకు భాస్వరం (డీఏపీ ఎరువులో ఉండే పోషకం) అందడం లేదనడానికి గుర్తు ఇది. ఉత్తరాంధ్రలో రణస్థలం, లావేరు, గజపతినగరం వైపు రైతులకు తెలిసిన బాధే ఇది. లేత ఆకుల మొదట్లో తెల్లటి పట్టీలు ఉంటే మాత్రం అది జింకు లోపం, దాని మందు వేరు.

ముందు మట్టి పట్టి చూడండి
ఒక మొక్కను మట్టితో సహా పెళ్లగించండి. వేర్ల దగ్గరి మట్టిని గుప్పిట్లో పిసకండి. చేతివేళ్ల సందుల్లోంచి నీరు ఊరి, మొక్క వేర్లు గోధుమరంగులో కురచగా ఉంటే తడి ఎక్కువైంది. మట్టి పొడిపొడిగా రాలితే తడి చాలలేదు. తడి సరిగ్గా ఉండి వేర్లు తెల్లగా ఉంటే చలిని అనుమానించాలి.

కారణం
భాస్వరం యూరియాలా నీటితో పరుగెత్తదు. నేలలో కొన్ని మిల్లీమీటర్లు కదిలితే గొప్ప. దాన్ని వెతుక్కుంటూ మొక్క వేరు తానే పోవాలి. నేల చల్లబడితే వేరు ఎదుగుదల మందగిస్తుంది, ఎరువు, చెత్త కుళ్లబెట్టి భాస్వరం వదిలే సూక్ష్మజీవులూ నెమ్మదిస్తాయి. తేమ ఆరిపోతే ఆ కాస్త కదలికా ఆగుతుంది. నీరు నిలిస్తే వేరుకు గాలాడదు.

"వరికి లేని లోపం దీనికెలా వచ్చింది?" అని చాలామంది అడుగుతారు. మడిలో నీరు నిలిచినన్నాళ్లు ఇనుము తన పట్టులోని భాస్వరాన్ని వదులుతుంది. నీరు తీశాక గాలి తగిలి, అదే ఇనుము తుప్పులా మారి మళ్లీ బిగించేస్తుంది. మన ఎర్రనేలల్లో ఈ పట్టు గట్టిది.

పరిష్కారం
చలి వల్లయితే టెన్షన్ పడకండి. నేల వేడెక్కాక కొత్త ఆకు పచ్చగా వస్తుంది. పాత ఆకుల్ని కాదు, దాన్నే గమనించండి. తడి ఎక్కువైతే కాలువ తీసి నీరు దించండి, తక్కువైతే పలచగా ఒక తడి ఇవ్వండి.

ఇప్పుడు డీఏపీ పైన చల్లడం మాత్రం దండగ. నేనూ ఒక ఏడు పల్లపు మూలలో చల్లాను, రంగు మారలేదు. కాలువ తీశాకే ఆ మూల తేరుకుంది. తాత్కాలికంగా లీటరు నీటికి 20 గ్రాముల డీఏపీ రాత్రి నానబెట్టి, తేటనీరు వడగట్టి, సాయంత్రం ఆకులపై పిచికారీ చేయొచ్చు.

అసలు పని విత్తే రోజుదే. మట్టి పరీక్ష చెప్పిన మోతాదు భాస్వరం మొత్తం అప్పుడే, గింజకు 5 సెంటీమీటర్లు పక్కగా, 5 సెంటీమీటర్లు కిందుగా పడాలి. దున్నకుండా కర్రతో గుంతలు చేసి విత్తేవాళ్లు పక్కన ఇంకో గుంత చేసి ఎరువు వేసి మట్టి కప్పండి. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, అంతే బరువున్న సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో 8 కిలోలు ఉంటుంది. బస్తాలు ఆ లెక్కన చూసుకోండి. జింకు సల్ఫేటును వీటితో కలిపి వేయొద్దు.