పిత్తనాళం సన్నబడితే: చికిత్స నిజంగా ఫలించిందా?

గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్‌లో పిత్తనాళానికి (కాలేయం నుంచి పిత్తాన్ని పేగులోకి చేర్చే గొట్టానికి) దెబ్బ తగిలితే, అది మానేటప్పుడు మచ్చకట్టి నాళం సన్నబడుతుంది. ఇది క్యాన్సర్ కాదు. సరిచేయడానికి ప్రధానంగా రెండు దారులు: ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పేగులోంచి పిత్తనాళాన్ని చేరే పద్ధతి) చేసి బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంట్లు (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టాలు) పెట్టడం, లేదా చిన్నపేగును పైకి తెచ్చి కాలేయం అంచున నాళానికి కుట్టడం (హెపాటికోజెజునాస్టమీ). స్టెంటు, గొట్టం ఏదైనా పెట్టి ఉంటే అవన్నీ తీసేసిన రోజు నుంచే ఫలితం లెక్క మొదలవుతుంది. లోపల స్టెంట్ ఉండగా కామెర్లు తగ్గాయంటే పనిచేస్తున్నది స్టెంటే, నాళం సంగతి ఇంకా తేలలేదు.

సమస్య: స్టెంట్ ఉండగానే చలిజ్వరం, కళ్లు పచ్చబడటం

కారణం: ప్లాస్టిక్ స్టెంట్ మడ్డి పట్టి మూసుకుపోయింది, లేదా జారిపోయింది. సుమారు 3 నెలలు దాటితే మూసుకుపోవడం మామూలే. మార్చాల్సిన తేదీ దాటేయడమే చాలామంది చేసే పొరపాటు.

పరిష్కారం: అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్ష), యాంటీబయాటిక్, ఆపై స్టెంట్ మార్పిడి. పసరు మందు కోసం తిరిగే సమయం కాదిది, నాళం మూసుకుని వచ్చిన కామెర్లు పసరుకు తగ్గవు.

ఒక్క స్టెంటే పెట్టి ఏడాది గడపడం కన్నా, 3 నెలలకోసారి మారుస్తూ 10 ఫ్రెంచ్ సైజు (3.3 మి.మీ. మందం) స్టెంట్లు పట్టినన్ని పక్కపక్కన పెడుతూ ఏడాది పాటు నడపడం మేలు. పూత ఉన్న మెటల్ స్టెంటయితే ఇన్నిసార్లు మార్చే పని ఉండదు. కానీ ఇరుకు కాలేయ ద్వారం (నాళాలు కాలేయంలోంచి బయటికొచ్చే చోటు) దగ్గరే ఉంటే అది పక్క నాళాల నోళ్లు మూసేస్తుంది, అక్కడ పనికిరాదు.

సమస్య: బాధ ఏమీ లేదు, కానీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్ రక్తపరీక్షలో కొలిచే ఒక ఎంజైమ్) పెరుగుతోంది

తేలిగ్గా తీసిపారేసేది దీన్నే. నాళం మళ్లీ సన్నబడుతుంటే తరచుగా మొదట కదిలేది ఈ అంకె. బిలిరుబిన్ (కామెర్లలో పచ్చదనం తెచ్చే పదార్థం) ఆ తర్వాత ఎప్పుడో పెరుగుతుంది. కాలేయంలో ఒక వైపు నాళం మాత్రమే మూసుకుంటే రెండో వైపు పిత్తాన్ని వదిలేస్తుంది కాబట్టి బిలిరుబిన్ అసలు పెరగకపోవచ్చు. ఈలోగా మూసుకున్న వైపు కాలేయం మెల్లగా కుంచించుకుపోతుంది. 'కామెర్లు లేవు కదా' అన్న ధీమా ఇక్కడే దెబ్బతీస్తుంది.

అయితే విటమిన్ డి లోపం వల్ల ఎముకల నుంచీ ఇదే ఎంజైమ్ పెరుగుతుంది. అందుకే జీజీటీ (కాలేయం, పిత్తనాళాల నుంచి వచ్చే, ఎముకల వల్ల పెరగని మరో ఎంజైమ్) కూడా చూడాలి. జీజీటీ నార్మల్‌గా ఉంటే ఎముకల వైపు వెతకండి. రెండూ పెరిగితే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) తీయించి, పాత ఫిల్ములతో పక్కపక్కన పెట్టి పోల్చాలి.

సమస్య: స్కానింగ్‌లో 'నాళాలు వెడల్పు', 'నాళాల్లో గాలి'

నాళాన్ని పేగుకు కుట్టిన వారిలో గాలి కనిపించడం మామూలే, చాలాసార్లు దారి తెరిచి ఉందనే దాని అర్థం. ఎక్కువ కాలం అడ్డుపడి ఉన్న నాళాలు సరిచేశాక కూడా కొంత వెడల్పుగానే ఉండిపోవచ్చు. రక్తపరీక్షలు బాగుంటే ఆ ఒక్క మాటకే మళ్లీ స్టెంట్ వేయించుకోవద్దు. అనుమానం తీరకపోతే హైడా స్కాన్‌లో (రక్తంలోకి ఎక్కించిన స్వల్ప రేడియోధార్మిక మందు పిత్తంతో పాటు ఎటు వెళ్తోందో చూసే పరీక్ష) ఆ మందు పేగులోకి సాఫీగా దిగుతోందో లేదో తెలుస్తుంది.

సమస్య: పేగుకు కుట్టాక పదేపదే చలిజ్వరం

కుట్టిన చోటు ఇరుకైంది, లోపల రాళ్లు చేరాయి, లేదా పైకి తెచ్చిన పేగులోనే అడ్డు ఉంది. దారి మారిపోయింది కాబట్టి మామూలు ఈఆర్‌సీపీ ఎండోస్కోప్ చాలామందిలో అక్కడిదాకా చేరదు. చర్మం మీదుగా కాలేయంలోంచి వెళ్లి బెలూన్‌తో వెడల్పు చేస్తారు, కుదరకపోతే మళ్లీ ఆపరేషన్.

ఫలితానికి గ్రేడు

మెక్‌డొనాల్డ్ గ్రేడింగ్ వాడుకకు తేలిక. ఏ: బాధలు లేవు, లివర్ పరీక్షలు నార్మల్. బి: పరీక్షల్లో కొద్ది తేడా, లేదా ఎప్పుడైనా నొప్పి, జ్వరం. సి: కామెర్లు, చలిజ్వరం, నొప్పితో పాటు పరీక్షలూ చెడటం. డి: మళ్లీ వెడల్పు చేయాల్సి రావడం లేదా మళ్లీ ఆపరేషన్. ఏ, బి ఫలించినట్టు. మళ్లీ బెలూన్ వేశాక మనిషి ఎంత హాయిగా ఉన్నా, మొదటి చికిత్స లెక్కలో అది డి కిందికే వస్తుంది.

మళ్లీ సన్నబడటం ఎక్కువగా మొదటి 2, 3 ఏళ్లలో జరుగుతుంది, కానీ పదేళ్లకూ రావచ్చు. మొదటి ఏడాది 3 నెలలకోసారి, రెండో ఏడాది 6 నెలలకోసారి, ఆపై ఏటా లివర్ పరీక్షలు చేయిస్తే మేలు. 5 ఏళ్లు నిండకుండా 'నయమైంది' అని రాయకండి. ప్రతిసారీ ఎన్ని స్టెంట్లు పెట్టారో, ఎన్ని తీశారో ఫైల్లో తేదీతో సహా ఉండాలి. లోపల మరిచిపోయిన స్టెంట్ ఏళ్ల తర్వాత రాయికి పునాది అవుతుంది.