ఫ్రాన్స్ పట్టణాలను నడిచి చూడటం – మూడవ పాఠం: ప్వాతియేలో విశ్వవిద్యాలయం ఎక్కడ?

గత పాఠం చివర ప్వాతియే పట్టణానికి ఒక్కరోజు ప్రణాళిక వేయమని అడిగాను. వచ్చిన జవాబులు చాలావరకు ఒకే రెండు చోట్ల తడబడ్డాయి కాబట్టి, ఈ వారం అనుకున్న శిల్పాల పాఠాన్ని కుదించి ముందు వాటిని సరిచేస్తాను.

మొదటిది చిన్నది. స్టేషన్ నుంచి నోత్ర్-దామ్-లా-గ్రాంద్ చర్చికి మీరు పటం మీద స్కేలు పెట్టి దూరం కొలిచారు. కానీ పాత పట్టణం క్లాఁ, బువావ్ర్ నదుల మధ్య మిట్ట మీద ఉంది, స్టేషన్ బువావ్ర్ లోయలో ఉంది. మీరు కొలిచినది ఎక్కవలసిన దారి. మీరు అనుకున్న సమయానికి రెట్టింపు వేసుకోండి.

రెండవదానికి ఓపిక కావాలి. చాలామంది "9 నుంచి 10 వరకు: విశ్వవిద్యాలయం" అని రాశారు. ఏ గేటు ముందు నిలబడతారు? ఏడవ చార్లెస్ రాజు కాలంలో, 1431లో, పోప్ నాలుగవ యుజీన్ అనుమతితో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయాన్ని మన ఊళ్లలోలాగా ప్రహరీగోడ, సింహద్వారం ఉన్న ఆవరణగా ఊహించుకోకూడదు. మధ్యయుగంలో ఆ మాటకు అర్థం గురువుల, విద్యార్థుల సంఘం. అది ఊరిలోనే కలిసిపోయి బతికింది. 1616లో తత్వవేత్త డెకార్ట్ న్యాయశాస్త్ర పట్టా పొందింది ఇక్కడే. నేటి పెద్ద క్యాంపస్ పట్టణానికి తూర్పు అంచున ఉంది. చరిత్ర కోసం వచ్చినవారు అక్కడికి పోనక్కరలేదు.

పాత వీధుల్లో వెతికేటప్పుడు "ఓతెల్" అనే మాట మిమ్మల్ని దారి తప్పిస్తుంది. పటంలో ఓతెల్ ఫ్యుమే కనబడగానే దాన్ని బస జాబితాలో చేర్చినవారు ఉన్నారు. ఇక్కడ ఓతెల్ అంటే సంపన్నుల భవంతి. గది అద్దెకిచ్చే హోటల్ కాదు, మనవాళ్లు టిఫిను తినే హోటల్ అసలే కాదు. ఆ భవంతిలో ఇప్పుడు మానవీయ శాస్త్రాల విభాగం పాఠాలు చెబుతోంది. ఓతెల్ ద వీల్ అంటే పురపాలక భవనం. ఓతెల్-ద్యూ అంటే పాతకాలపు ధర్మాసుపత్రి. ప్వాతియేలో ఆ పేరున్న భవనంలో విశ్వవిద్యాలయ అధ్యక్ష కార్యాలయం ఉంది. అంటే మీరు వెతుకుతున్న విశ్వవిద్యాలయాన్ని, బస అనుకునో ఆసుపత్రి అనుకునో, మీరే పక్కన పెట్టేశారు.

ఇక చర్చి. 12వ శతాబ్దపు ఆ ముఖభాగం పడమరకు తిరిగి ఉంటుంది కనుక నేను ఎప్పుడూ మధ్యాహ్నం దాటాకే వెళ్తాను. అప్పుడే వెలుగు శిల్పాల మీద పడుతుంది. కింది వరుసలో ఎడమ చివర ఆదాము, హవ్వలతో మొదలుపెట్టి కుడివైపు చదవండి, తర్వాత పైకి, క్రీస్తు వరకు. తలలేని ప్రతిమలు కనబడితే, అవి కాథలిక్కులకు, ప్రొటెస్టంట్లకు మధ్య జరిగిన 1562 మతయుద్ధంలో విరిగినవని గుర్తుంచుకోండి. అక్కడికి దగ్గరలోనే పాత కోట సభామందిరం ఉంది. 2019 వరకు అది న్యాయస్థానం.

అభ్యాసం: పటంలో "ఓతెల్" అని ఉన్న ప్రతి చోటును గుర్తించి, ఒక్కొక్కటి నివాసమో, కార్యాలయమో, తరగతి గదో, నిజంగా బసయో రాయండి. తర్వాత, ఒకసారి ఎక్కిన ఎత్తును మళ్లీ దిగి ఎక్కకుండా వాటన్నిటినీ కలిపే ఒకే దారి గీయండి.