మీ దగ్గరున్న టైప్-సీ కేబుళ్లలో ఏది దేనికి పనికొస్తుందో తేల్చుకోవడం ఎలా

పైకి అన్నీ ఒకటే. రెండు కొసలా అదే నున్నటి మూతి, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. వాడి చూస్తే ఒకదానితో లాప్‌టాప్ చకచకా చార్జ్ అవుతుంది, ఇంకోదానితో చార్జింగ్‌లో పెట్టినా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. ఒకటి మానిటర్ మీద బొమ్మ చూపిస్తుంది, మరొకటి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. 2014లో టైప్-సీ వచ్చినప్పుడు ఇక అన్నిటికీ ఒకే కేబుల్ అని ఊరించారు. వచ్చింది ఒకే మూతి మాత్రమే. 2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లకు చట్టమే ఆ మూతిని తప్పనిసరి చేసింది. మూతులు కలిశాయి గానీ లోపలి తీగలు ఇంకా కలవలేదు.

ఒక పూట కూర్చుంటే ఉన్న కేబుళ్లన్నిటి గుట్టూ బయటపడుతుంది. కావలసినవి: ఒక టార్చి, బయట తగిలించే ఎస్‌ఎస్‌డీ (పెన్‌డ్రైవ్ పనికిరాదు, కేబుల్ కంటే అదే నెమ్మది), 65 వాట్లకు మించిన చార్జర్, అంత కరెంటు తీసుకోగల లాప్‌టాప్, తెల్ల టేపు, మార్కర్ పెన్ను. కేబుల్‌లో ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూపే యూఎస్‌బీ మీటర్ ఉంటే పని సగం తగ్గుతుంది.

ప్రతి కేబుల్ గురించీ తేల్చాల్సినవి మూడే: ఎన్ని వాట్లు మోస్తుంది, డేటా ఎంత వేగంగా పంపుతుంది, బొమ్మ పంపుతుందా. ఈ మూడింటిలో ఒకటి బాగుంటే మిగతా రెండూ బాగుంటాయని అనుకోవద్దు. యాపిల్ అమ్మే 240 వాట్ల చార్జింగ్ కేబుల్‌నే తీసుకోండి. కరెంటు విషయంలో దాన్ని మించింది లేదు, డేటా వేగం మాత్రం సెకనుకు 480 మెగాబిట్లే, అంటే 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగం. ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్ల వేగం అందుకోగలదు, కానీ పెట్టెలో దానితో పాటు ఇచ్చిన కేబుల్ 480 మెగాబిట్లదే. లావుగా, అల్లిక తొడుగుతో ఉన్న కేబుల్ గొప్పదనీ అనుకోవద్దు. ఆ లావు తొడుగుదే కావచ్చు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ సరుకుకు చక్కగా అతుకుతుంది.

ముందు కంటితో ఏరివేత

మొదట టార్చి వేసి మూతి లోపలికి చూడండి. పూర్తి స్థాయి టైప్-సీ మూతిలో కాంటాక్టులకు (సన్నటి లోహపు పట్టీలకు) పైన 12, కింద 12, మొత్తం 24 స్థానాలు ఉంటాయి; కేబుల్ మూతిలో ఒక వరుస మధ్యలో రెండు ఖాళీగా ఉండటం మామూలే. చవక కేబుళ్లలో వేగపు డేటాకు వాడే కాంటాక్టులను అసలు పెట్టరు. అవి రెండు చివరలకు దగ్గరగా ఉండాలి. అక్కడ ఖాళీలు కనిపిస్తే అది 480 మెగాబిట్ల కేబులే, మరో పరీక్ష అక్కర్లేదు. అక్కడ కాంటాక్టులన్నీ ఉన్నాయంటే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు, వాటి వెనక తీగలు లేకుండానూ చేస్తారు.

ఒక కొస పాత దీర్ఘచతురస్రపు టైప్-ఏ మూతి అయితే దాని లోపల చూడండి. నాలుగు కాంటాక్టులే ఉంటే యూఎస్‌బీ 2.0. వాటి వెనక మరో అయిదు ఉంటే 3 తరం. నీలం రంగు ప్లాస్టిక్ ఉంటే 3 తరమని సాధారణంగా చెప్పొచ్చు గానీ రంగు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కాంటాక్టులనే లెక్కపెట్టండి.

తర్వాత మూతి మీది గుర్తులు. మెరుపు బొమ్మ పక్కన 3, 4, 5 అంకె ఉంటే థండర్‌బోల్ట్, అంటే అదే మూతితో వచ్చే మరింత వేగమైన రకం. 4 అని ఉన్నది దొరికితే పక్కన జాగ్రత్తగా పెట్టుకోండి, అది దాదాపు అన్ని పనులూ చేస్తుంది. 3 అని ఉండి, రెండు మీటర్ల పొడవున్న యాక్టివ్ (లోపల చిప్ సాయం ఉన్న) రకం అయితే దానికో తిక్క ఉంది: థండర్‌బోల్ట్ పరికరాలతో 40 గిగాబిట్లు పరిగెడుతుంది, మామూలు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీకి తగిలిస్తే 480 మెగాబిట్లకు పడిపోతుంది. అంత డబ్బు పోసి కొన్న కేబుల్ నుంచి ఎవరూ ఊహించని మర్యాద!

పొడవు కూడా సాక్ష్యమే. లోపల చిప్ సాయం లేని మామూలు రాగి కేబుల్ 40 గిగాబిట్లను సుమారు 0.8 మీటరు దాకా, 10 గిగాబిట్లను మీటరు దాకా, 5 గిగాబిట్లను రెండు మీటర్ల దాకా మోస్తుంది. మూడు మీటర్ల చవక కేబుల్ మీద 40 గిగాబిట్లు అని రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి.

పేర్ల గందరగోళం

ప్యాకెట్ మీది పేరు చూసి తేల్చుకుందామంటే అక్కడే అసలు చిక్కు. 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది, వేగం 5 గిగాబిట్లు. 2013లో 3.1 వచ్చాక అదే పాత వేగానికి 3.1 జెన్ 1 అని పేరు మార్చారు. 2017లో మళ్లీ 3.2 జెన్ 1 అన్నారు. వస్తువు ఒకటే, నామకరణాలు మూడు. 10 గిగాబిట్లది 3.2 జెన్ 2, 20 గిగాబిట్లది 3.2 జెన్ 2 ఇంటూ 2. ఆపై 2019లో యూఎస్‌బీ4, 2022లో 80 గిగాబిట్ల యూఎస్‌బీ4 వెర్షన్ 2.0. ఆ పేరు పెట్టిన సమావేశంలో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదా అనిపిస్తుంది. దీనివల్ల లాభపడింది అమ్మేవాళ్లే. ప్యాకెట్ మీద యూఎస్‌బీ 3.2 అని మాత్రమే రాసి ఊరుకుంటారు, కొన్నవాళ్లు 20 అనుకుంటారు, లోపల ఉండేది 5. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

చివరికి ఈ పేర్లు పెట్టిన యూఎస్‌బీ ప్రమాణాల సంస్థకే విసుగొచ్చి, 2022 నుంచి కొనేవాళ్లకు పేర్లు వద్దు, వేగాన్నీ వాట్లనూ నేరుగా రాయమంది. కాబట్టి వెర్షన్ నంబర్లను పట్టించుకోవడం మానేయండి. 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్లు), 40 జీబీపీఎస్, 60 వాట్లు, 240 వాట్లు అన్న అంకెల కోసమే వెతకండి. అవి లేని ప్యాకెట్‌లో ఉన్నది 480 మెగాబిట్లు, 60 వాట్ల కేబుల్ అనుకుంటే పెద్దగా మోసపోరు.

కరెంటు పరీక్ష

మామూలు టైప్-సీ కేబుల్ 3 ఆంపియర్లు మోయాలి. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించి కావాలంటే కేబుల్ మూతిలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. 5 ఆంపియర్లు మోయగలనని చార్జర్‌కు ఆ చిప్పే చెబుతుంది. చెప్పకపోతే చార్జర్ 3 ఆంపియర్లు దాటదు. 5 ఆంపియర్లు, 20 వోల్టులైతే 100 వాట్లు. 2021లో వచ్చిన మార్పుతో వోల్టేజీ 48 దాకా పెరిగింది, అలా 240 వాట్లు.

పరీక్షించేటప్పుడు బ్యాటరీ సగానికి తక్కువ ఉండాలి. నిండుతున్న కొద్దీ కరెంటు దానంతటదే తగ్గుతుంది, ఆ తప్పు కేబుల్ మీదికి నెట్టొద్దు. మ్యాక్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి పవర్ విభాగం అడుగుకు వెళ్తే చార్జర్ ఎన్ని వాట్లు ఇస్తానందో కనిపిస్తుంది. 96 వాట్ల చార్జర్ పెట్టినా అక్కడ 60 అని ఉంటే అది 3 ఆంపియర్ల కేబుల్. మిగతా లాప్‌టాప్‌లకు మధ్యలో మీటర్ పెట్టి వోల్టులను ఆంపియర్లతో గుణించుకోండి. ఈ-మార్కర్ చదివే మీటరైతే చార్జర్ కూడా అక్కర్లేదు, చిప్‌లో రాసి ఉన్నదంతా తెర మీదే చూపిస్తుంది.

ఫోన్ల దగ్గర వాట్ల లెక్క ఒక్కటే చూస్తే దెబ్బతింటాం. 45 వాట్లు 60 కంటే తక్కువే కదా, ఏ కేబులైనా చాలదా? చాలదు. శామ్‌సంగ్ 45 వాట్ల చార్జింగ్‌కు 5 ఆంపియర్ల కేబుల్ ఇస్తుంది, ఎందుకంటే ఫోన్ అడిగేది 20 వోల్టులు కాదు, 10 వోల్టుల చుట్టుపక్కల. ఆ వోల్టేజీ దగ్గర 45 వాట్లు రావాలంటే 4 ఆంపియర్లు దాటాలి. ఒప్పో, వన్‌ప్లస్ సొంత ఫాస్ట్ చార్జింగ్‌ది మరో దారి. దానికి ఆ చార్జర్, దానితో వచ్చిన కేబుల్ రెండూ ఉండాలి. ఆ కేబుల్‌కు వేరే గుర్తు పెట్టి విడిగా ఉంచండి.

పాత కేబుల్ అరిగిందా అన్నది వోల్టేజీ నష్టంతో తెలుస్తుంది. మీటర్‌ను ఫోన్ వైపు కొసన పెట్టండి. పూర్తి కరెంటు పారుతున్నప్పుడు పోనూ రానూ తీగల్లో కలిపి 0.75 వోల్టు దాకా పడిపోవడాన్ని ప్రమాణమే ఒప్పుకుంటుంది. 5 వోల్టులు పంపితే 4.25 కూడా చేరకపోయినా, కదిలిస్తే అంకె ఎగిరిపడుతున్నా, మూతి చేయి పెట్టలేనంత వేడెక్కినా ఆ కేబుల్ పనైపోయినట్టే.

వేగం పరీక్ష

10 జీబీ ఉన్న ఒకే పెద్ద ఫైలును ఎస్‌ఎస్‌డీ నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసి టైము చూడండి. 480 మెగాబిట్ల కేబులైతే సెకనుకు 35 నుంచి 40 ఎంబీ, అంటే నాలుగు నిమిషాలు దాటుతుంది. 5 గిగాబిట్లకు పాతిక సెకన్లు, 10 గిగాబిట్లకు పది సెకన్లు అటూ ఇటూ. రెండో కేబుల్‌కు వేరే ఫైలు తీసుకోండి. అదే ఫైలైతే కంప్యూటర్ తన మెమరీలోంచి ఇచ్చేసి చెత్త కేబుల్‌ను కూడా వీరుణ్ని చేస్తుంది. చిన్న ఫోటోలు వేలకొద్దీ కాపీ చేసి లెక్కకట్టొద్దు, అక్కడ ఆలస్యం కేబుల్‌ది కాదు.

కాపీ చేసే ఓపిక లేకపోతే మ్యాక్‌లో అదే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ విభాగం చూడండి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కు హైఫన్-టీ జోడించి కొట్టండి, ఎస్‌ఎస్‌డీ వరుస చివర 480, 5000, 10000 అంటూ మెగాబిట్లలో వేగం ఉంటుంది.

ఒక కొసను తీసి, తిరగేసి పెట్టి మళ్లీ చూడండి. ఒక వైపు 10 గిగాబిట్లు, తిరగేస్తే 480 వస్తోందంటే కేబుల్‌ను కాదు, ముందు పోర్టులో ఒక వైపు కాంటాక్టులను అనుమానించండి. తిరగేస్తే మారేవి పోర్టులో వాడే కాంటాక్టులే, కేబుల్‌లో వాడే వేగపు తీగలు మాత్రం అవే.

బొమ్మ సంగతి సులువు. 480 మెగాబిట్ల టైప్-సీ కేబుల్ మీద మానిటర్ వెలగదు. వేగం పరీక్ష నెగ్గిన కేబుల్‌తోనూ వెలగలేదంటే కంప్యూటర్ పోర్టునే అనుమానించండి, టైప్-సీ పోర్టులన్నీ వీడియో ఇవ్వవు.

తప్పు కేబుల్‌ది కానప్పుడు

కొన్ని చవక పరికరాలు పాత టైప్-ఏ చార్జర్‌తోనే చార్జ్ అవుతాయి, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్ పెడితే కదలవు. టైప్-సీ చార్జర్ ముందుగానే కరెంటు వదలదు. అవతల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనిపిస్తేనే 5 వోల్టులు ఇస్తుంది. పైసల్లో దొరికే ఆ రెసిస్టర్‌ను తయారీదారు మిగుల్చుకున్నాడు. టైప్-ఏ పోర్టు ఏమీ అడగకుండా ఇచ్చేస్తుంది కాబట్టి దానితో నడుస్తుంది. ఇలాంటి వాటి కోసం ఒక ఏ-టు-సీ కేబుల్ ఉంచుకోక తప్పదు. పేరున్న తయారీదారులకూ ఇది తప్పలేదు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ తొలి బోర్డుల్లో రెండు రెసిస్టర్లకు బదులు ఒకటే పెట్టారు. దాంతో ఈ-మార్కర్ ఉన్న ఖరీదైన కేబుల్ తగిలిస్తే చార్జర్ ఆ బోర్డును ఆడియో అడాప్టర్ అనుకుని కరెంటు ఇచ్చేది కాదు. తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు.

ఏ-టు-సీ కేబుల్ లోపల 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. 10 కిలో ఓమ్‌లది పెడితే అవతల 3 ఆంపియర్లు సిద్ధంగా ఉన్నాయని ఫోన్ నమ్మి లాగేస్తుంది, బలహీనమైన పోర్టు మాడుతుంది. 2015, 2016ల్లో గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ ఇలాంటి కేబుళ్లను కొని ఒక్కొక్కటే పరీక్షించారు. వాటిలో కరెంటు తీగ, గ్రౌండ్ తీగ తారుమారైన ఒకటి ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ లాప్‌టాప్‌ను చంపేసింది. 2016లోనే ప్రమాణాలకు నిలవని టైప్-సీ కేబుళ్లను అమెజాన్ తన సైట్‌లో నిషేధించింది.

టైప్-సీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ అన్నది నియమావళిలోనే లేదు. తర్వాత ఎంత తీగ కలిసిందో ఈ-మార్కర్‌కు తెలియదు, చార్జర్ మాత్రం దాని మాట నమ్మి పూర్తి కరెంటు పంపుతుంది. అయస్కాంతంతో అతుక్కునే మూతులూ ఇంతే. కరెంటు పారుతుండగా ఊడితే నిప్పురవ్వ లేస్తుంది, లోహపు పొడి అంటుకుంటే షార్ట్ అవుతుంది.

ఏ కేబుల్ పెట్టినా వదులుగా జారిపోతుంటే పోర్టులో నూలుపీచు చేరి ఉంటుంది. పరికరాన్ని ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట మెల్లగా గీకి తీయండి. మధ్యలో ఉన్న పలుచటి నాలుకను తాకొద్దు. గుండుసూది వద్దే వద్దు.

టేపు, మార్కర్

తేలినదాన్ని అప్పటికప్పుడే రాసేయండి, నాలుగో కేబుల్‌కు వచ్చేసరికి రెండోది మరిచిపోతారు. మూతి దగ్గర టేపు చుట్టి వాట్లు, గీత, వేగం రాస్తే చాలు: 60/480, 100/10జి, 240/40జి. వీడియో వస్తే పక్కన వీ.

ఇక కొనాల్సి వస్తే రెండు రకాలు చాలు. చార్జింగ్‌కు రెండు మీటర్లది, 240 వాట్లు, 480 మెగాబిట్లు. తీగలు తక్కువ కాబట్టి సులువుగా వంగుతుంది. ఎస్‌ఎస్‌డీకి, మానిటర్‌కు 0.8 లేదా ఒక మీటరు 40 గిగాబిట్ల యూఎస్‌బీ4 గానీ థండర్‌బోల్ట్ 4 గానీ. 80 గిగాబిట్లది కొని ఉంచుకుంటే ముందుముందు పనికొస్తుందన్న సలహా మీద నాకు నమ్మకం లేదు. ఆ వేగం అందుకునే పరికరం ఇంటికొచ్చే నాటికి కేబుల్ ధర తగ్గుతుంది, పేరు ఎలాగూ మారుతుంది. పరీక్షల్లో పూర్తిగా తప్పిన కేబుళ్లను ఈ-వేస్ట్‌లో వేసే ముందు రెండు మూతులూ కత్తిరించేయండి. లేకపోతే ఎవరో ఒకరు బాగానే ఉందిగా అని తీసి వాడుకుంటారు.