చిట్టెలుకలో నానోకణాల వెలుగు: చిత్రం తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

శరీరంలో కణితి ఎక్కడుందో చూడటానికి చిట్టెలుకకు ఫ్లోరోసెంట్ నానోకణాలు (కాంతి పడితే తామూ వెలుగునిచ్చే అతి సూక్ష్మ రేణువులు) ఎక్కించి చిత్రిస్తారు. ఆ చిత్రంలో తేడా కనిపించగానే చాలామంది కణాల తయారీనే అనుమానిస్తారు. దానికన్నా ముందు, కణాలు ఎక్కించని ఎలుకను అవే ఫిల్టర్లతో, అదే ఎక్స్‌పోజర్‌తో చిత్రించి పక్కన పెట్టుకోవాలి. చిక్కు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

సమస్య: కణాలు ఎక్కించని ఎలుక పొట్ట కూడా వెలుగుతోంది

దోషం మేతది. ప్రయోగశాలల్లో వేసే మామూలు మేత గుళికల్లో తరచుగా లూసర్న్ గడ్డి పొడి కలుపుతారు. అందులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుని 680 నానోమీటర్ల దరిదాపుల్లో వెలుగునిస్తుంది కనుక, 700 దగ్గర వెలిగే కణాలతో పనిచేసేవారికి పేగులోని మేత ఏదో, కణితిలో చేరిన కణాలు ఏవో విడదీయడం కష్టమవుతుంది. చిత్రీకరణకు కనీసం వారం ముందే లూసర్న్ లేని శుద్ధమేతకు మార్చాలి. అదే రోజున పంజరంలోని పొట్టును కూడా మార్చాలి. ఎలుకలు తమ పెంటికలను తామే తింటాయి గనుక, పాత పొట్టు ఉన్నంతకాలం పాత మేత మళ్లీ కడుపులో చేరుతూనే ఉంటుంది. 800 నానోమీటర్ల దగ్గర వెలిగే కణాలను ఎంచుకుంటే ఈ బెడద బాగా తగ్గుతుంది.

పొట్టతో పాటు ఒళ్లంతా మసకగా కనిపిస్తే వెంట్రుకలను అనుమానించి, చిత్రించే భాగంలో వాటిని పూర్తిగా తొలగించాలి.

సమస్య: వెలుగంతా తోక దగ్గరే ఆగిపోయింది

కణాలను తోకలోని సిరలోకి ఎక్కిస్తారు; సూది ఆ సిరను తప్పింది. సిరంజి పిస్టన్ బరువుగా కదలడం, సూది మొన దగ్గర చర్మం తెల్లగా ఉబ్బడం ఇందుకు గుర్తులు. తోకను వెచ్చబరిస్తే సిర తేలుతుంది; తప్పిన చోటు నుంచి తల వైపుకు జరిగి మళ్లీ ప్రయత్నించాలి. తోకను ఎప్పుడూ చిత్రంలో ఉంచితే ఈ పొరపాటు ఆలస్యంగానైనా బయటపడుతుంది.

సమస్య: కణితి వెలగదు, కాలేయం మాత్రం మెరిసిపోతోంది

దీన్ని లోపం అనడం కన్నా శరీర ధర్మం అనడం న్యాయం. రక్తంలోని ప్రోటీన్లు నానోకణం చుట్టూ పేరుకోగానే పరాయి రేణువులను మింగే భక్షక కణాలు (కాలేయంలో వీటిని కుఫర్ కణాలంటారు, ప్లీహంలోనూ ఉంటాయి) దాన్ని మింగేస్తాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత ఈ మింగుడును ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. మూత్రం ద్వారా బయటకు పోవాలంటే కణం చాలా చిన్నదై ఉండాలి: క్వాంటమ్ డాట్ల (అర్ధవాహక పదార్థంతో చేసిన వెలిగే నానోకణాల) విషయంలో ఆ హద్దు సుమారు 5.5 నానోమీటర్లని 2007లో తేలింది. (ఆ పరిశోధనలో పాలుపంచుకున్న మౌంగీ బావెండీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు.) అయితే ఆ కొలత పూతతో సహా నీటిలో కొలిచినది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనిపించే, పూత లేని లోపలి భాగం కొలతను దానితో పోల్చి మోసపోకూడదు. చిత్రం తీసేటప్పుడు కాలేయాన్ని నల్ల కాగితంతో కప్పితే, దాని మెరుపులో మునిగిపోయిన కణితి బయటపడవచ్చు.

సమస్య: నిమిషాల్లోనే మూత్రాశయం గానీ పేగులు గానీ వెలుగుతున్నాయి

కణం పెద్దదైనా ఇలా జరిగితే, వెలుగు కోసం దానికి జోడించిన రంగు దాని నుంచి విడిపోయిందని అనుమానించాలి. నీటిలో తేలికగా కరిగే రంగులు మూత్రంలోకి పోతాయి. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు పైత్యరసంతో పేగులోకి చేరుతుంది. కణాలను సీరంలో (గడ్డకట్టిన రక్తం నుంచి వేరైన ద్రవంలో) 37 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచి, వాటిని ఆపగల పొర గుండా వడగట్టి, దిగిన ద్రవం వెలుగుతుందో లేదో చూడాలి. వట్టి రంగును ఎక్కించిన ఎలుకల గుంపు కూడా ప్రయోగంలో ఉంటే వెలుగు కణానిదా, విడిపోయిన రంగుదా అన్న వాదన అసలే రాదు.

సమస్య: ఎక్కించిన వెంటనే ఎలుక ఊపిరికి అల్లాడుతోంది

ప్రయోగం తక్షణం ఆపి, జంతు నైతిక కమిటీ ఆమోదించిన పద్ధతి ప్రకారం ఎలుకను చూడాలి. శుద్ధజలంలో విడివిడిగా ఉన్న కణాలు, సెలైన్‌లోని ఉప్పు వాటి మధ్య వికర్షణను కప్పివేయడంతో గుంపులు కట్టి, ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఇరుక్కుని ఉండవచ్చు. పరిమాణాన్ని నీటిలోనే కాక సెలైన్‌లోనూ సీరంలోనూ కొలవాలి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగట్టాక గాఢతను మళ్లీ కొలవడం తప్పనిసరి, ఎందుకంటే కొన్ని కణాలు ఫిల్టర్‌కే అంటుకుపోతాయి.

సమస్య: లోతున ఉన్న అవయవం కనిపించడం లేదు

పైనున్న కణజాలం కాంతిని చెదరగొడుతుంది, రక్తం కొంత మింగుతుంది. 1000 నానోమీటర్లు దాటిన వెలుగుకు చెదిరే గుణం తక్కువ, కానీ దాన్ని పట్టడానికి సిలికాన్ కెమెరా చాలదు, ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా కావాలి. అది లేనివారు చివరి చిత్రం తర్వాత అవయవాలను వేరుచేసి మళ్లీ చిత్రించాలి. కాడ్మియం ఉన్న కణాలైతే ఆ అవయవాల్లోని కాడ్మియాన్నే నేరుగా కొలిపించాలి.