పోకర్‌పై రాస్తూ ప్రకటనల ఆదాయం పొందే విధానం

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఉంటూ ఆన్‌లైన్ పోకర్ (పందెం కాసి ఆడే ఒక రకం పేకాట) మీద బ్లాగు రాయదలచినవారు ముందుగా చట్టాన్ని చూసుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 నాటి కేంద్ర చట్టం ప్రకారం అలాంటి ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. కనుక పోకర్ సైట్లకు ఆటగాళ్లను పంపితే కమీషన్ ఇచ్చే లింకుల జోలికి పోకుండా, ఆటలోని లెక్కను రాయండి. చేతిలో రెండు, బల్లపై మూడు ముక్కలు తెరిచాక వాటిలో నాలుగు ఇస్పేటువి ఉంటే, కనబడని 47 ముక్కల్లో 9 మాత్రమే ఇస్పేటు కాబట్టి, తరువాతి ముక్కతో ఐదోది పడి ‘ఫ్లష్’ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) అయ్యే అవకాశం సుమారు 19 శాతమే. ఇంత స్పష్టంగా వివరిస్తే పాఠకుడు ఆశకు పోడు, చదవడమూ మానడు.

బ్లాగుల్లో ప్రకటనలు వేసి ఆదాయమిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగును అంగీకరిస్తోంది. ఆదాయం 10 డాలర్లకు చేరాక చిరునామాను నిర్ధారించుకోవడానికి పిన్ నంబరు ఉత్తరంలో వస్తుంది. వింజమూరు, పొదిలి వంటి చోట్ల పల్లెల్లో ఉండేవారు చిరునామాలో ఇంటి పేరుతోపాటు ‘రామాలయం వెనుక’ వంటి గుర్తు కూడా రాస్తే పోస్ట్‌మ్యాన్‌కు తేలిక. 100 డాలర్లు నిండాకే సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరుతుంది కాబట్టి, అప్పటిదాకా ఉన్న ఉద్యోగాన్ని వదులుకోకండి.