లినక్స్ స్వయంశిక్షణ, 6వ పాఠం: బయటి డిస్కు ఫైళ్లను తీసుకోనప్పుడు

కొత్త బయటి డిస్కును టెర్మినల్ నుంచి ఈఎక్స్‌టీ4గా (లినక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫార్మాట్ చేసి, హోమ్ ఫోల్డరును అందులోకి కాపీ చేయమని గత పాఠం చివర అభ్యాసం ఇచ్చాను. చాలామందికి ‘పర్మిషన్ డినైడ్’ అన్న సందేశం వచ్చింది. వారిలో ఎక్కువమంది ఆదేశానికి ముందు సుడో (ఆదేశాన్ని నిర్వాహకుడి అధికారంతో నడిపించే మాట) చేర్చి కాపీ ముగించారు. ఇప్పుడు ఆ ఫైళ్లను దిద్ది సేవ్ చేయబోతే కుదరడం లేదని, కొన్ని అసలు తెరుచుకోవడమే లేదని రాశారు. అందువల్ల ఈ వారం చెప్పవలసిన ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశాన్ని వాయిదా వేసి, ముందు ఈ చిక్కును విప్పుకుందాం. ఆదేశాల పేర్లను పలికే తీరులో రాస్తున్నాను; వాటి ఇంగ్లీషు అక్షరక్రమం మొదటి పాఠంలోని పట్టికలో ఉంది.

సుడోతో ఫార్మాట్ చేసిన ఈఎక్స్‌టీ4 డిస్కులో అన్నిటికంటే పై ఫోల్డరుకు యజమాని రూట్ అనే నిర్వాహక ఖాతా. మీరు అందులో రాయలేకపోవడానికి కారణం అంతే. డిస్కును మౌంట్ చేసిన (ఫోల్డరుగా కనిపించేలా తగిలించిన) తరువాత, మీడియా ఫోల్డరులో మీ పేరు కింద కనిపించే ఆ డిస్కు ఫోల్డరు మీద ఒక్కసారి సుడో చౌన్ (యజమానిని మార్చే ఆదేశం) నడిపి యజమానిగా మీ పేరు ఇవ్వండి. ఆ మార్పు డిస్కులోనే నమోదవుతుంది కనుక మళ్లీ చేయనక్కరలేదు. ఇప్పటికే సుడోతో కాపీ చేసినవారు అదే ఆదేశానికి హైఫన్ పెద్ద ఆర్ చేర్చాలి; అప్పుడు లోపలి ఫైళ్లన్నిటికీ యజమాని మారతాడు. అయితే ఎంటర్ నొక్కే ముందు దారిని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

కొందరు చౌన్ జోలికి వెళ్లకుండా సీహెచ్‌మోడ్ 777ను (ఎవరైనా చదవడానికి, మార్చడానికి, నడపడానికి అనుమతినిచ్చే ఆదేశం) డిస్కు మొత్తానికి వర్తింపజేశారు. దయచేసి ఈ అలవాటు మానండి. 777 యజమానిని మార్చదు. రేపు సుడోతో చేర్చిన కొత్త ఫైలు మళ్లీ రూట్‌దే అవుతుంది. పైగా ఫొటో, ఉత్తరం, లెక్కల పట్టిక అన్న తేడా లేకుండా ప్రతి ఫైలునూ ప్రోగ్రాములా నడపడానికి, ఎవరైనా మార్చడానికి అనుమతి లభిస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: ఏ ఫైలుకు 600 (యజమాని మాత్రమే చదివి రాయగలడు) ఉండేది, దేనికి 644 (యజమాని రాయగలడు, అందరూ చదవగలరు) ఉండేది, ఏది నిజంగా స్క్రిప్టు (నడపదగిన ఆదేశాల ఫైలు) అన్న సమాచారం ఆ కాపీలో పూర్తిగా చెరిగిపోతుంది. కంప్యూటరు పాడై, అనుమతులతో సహా ఆ కాపీనే వెనక్కి తెచ్చుకున్న రోజున, మీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటరులోకి సురక్షితంగా ప్రవేశించే సాధనం) ప్రైవేట్ కీ అందరికీ తెరిచి ఉందన్న కారణంతో ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడటానికి నిరాకరిస్తుంది. బ్యాకప్ కోసం చేసిన పని బ్యాకప్‌నే చెడగొట్టినట్టవుతుంది.

‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వచ్చినవారి సంగతి వేరు. వారి డిస్కు ఈఎక్స్‌టీ4 కాదు, విండోస్ కూడా చదవగల ఎక్స్‌ఫ్యాట్. ఎక్స్‌ఫ్యాట్‌లోనూ ఫ్యాట్32లోనూ ఫైలు యజమానిని రాసుకునే చోటే లేదు. మౌంట్ చేసేటప్పుడు ఇచ్చిన యజమానే అన్ని ఫైళ్లకూ వర్తిస్తాడు. కనుక అక్కడ సుడోతో చౌన్ చేసినా యజమాని మారడు, సిమ్‌లింకులూ (మరో ఫైలును చూపే గుర్తులు) కాపీ కావు. ఫొటోలను స్టూడియోకు ఇవ్వడానికి ఎక్స్‌ఫ్యాట్ చాలు. బ్యాకప్‌కు మాత్రం నేను ఈఎక్స్‌టీ4 తప్ప మరొకటి వాడను.

‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని వస్తే అనుమతులను ముట్టుకోకండి. విండోస్ సక్రమంగా విడువని ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) డిస్కు కావచ్చు, ఎస్‌డీ కార్డు అడాప్టరు పక్కనున్న లాక్ మీట కావచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే విండోస్‌లోనే తనిఖీ చేయించి, సేఫ్‌గా తొలగించి తెచ్చుకోండి.

ఇంకొక విషయం. ఈఎక్స్‌టీ4 యజమాని పేరును నమోదు చేసుకోదు, సంఖ్యను నమోదు చేసుకుంటుంది. ఉబుంటులో మొదటి వాడుకరి సంఖ్య 1000. ఇంట్లోని రెండో కంప్యూటరులో మీ సంఖ్య 1001 అయితే, పేరు ఒకటే అయినా డిస్కు మిమ్మల్ని పరాయివారిగానే చూస్తుంది. అందుకే నేను ఏ యంత్రంలోనైనా మొదటి ఖాతా నాదే ఉండేలా చూసుకుంటాను.

అభ్యాసం: ఖాళీ పెన్‌డ్రైవును ముందు ఈఎక్స్‌టీ4గా, తరువాత ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. 600 అనుమతి గల ఫైలు, ఒక స్క్రిప్టు, ఒక సిమ్‌లింకు ఉన్న ఫోల్డరును రెండుసార్లూ సీపీ హైఫన్ ఏతో (అనుమతులు, లింకులతో సహా కాపీ చేసే ఆదేశం) కాపీ చేయండి. ఏది ఎలా మారుతుందో కాపీకి ముందే కాగితం మీద రాసి, ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌ఎన్‌తో (అనుమతులను, యజమాని సంఖ్యను చూపే ఆదేశం) పోల్చండి. అంచనా తప్పిన ప్రతిచోటా కారణం రాయగలిగితేనే ఆర్‌సింక్ పాఠానికి రండి.