పదో తరగతి కెమిస్ట్రీ ఇంట్లోనే చదువుకుంటుంటే ఎక్కడ ఇరుక్కుంటారు, ఎట్ల బయటపడాలి

ఎండాకాలం సెలవుల్లోనే పదో తరగతి కెమిస్ట్రీ మొదలుపెట్టుకోవాలనుకునే పిల్లలు మా అనంతపురం పక్క చాలామందే ఉంటారు, మంచి పనే, కానీ స్కూల్ తెరిచేలోపే చాలామంది అర్థం కావట్లేదని పుస్తకం పక్కన పెట్టేస్తారు. వాళ్లని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే తెలిసేది ఏంటంటే ఇబ్బంది ఎక్కువసార్లు తొమ్మిదో తరగతిలో వదిలేసిన వేలెన్సీ (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకె) దగ్గరే ఉంటుంది. ఇరుక్కున్న పేజీనే పదిసార్లు చదివితే లాభం ఉండదు, తప్పు ఎక్కడ మొదలైందో అక్కడికి వెనక్కి పోవాలి. అందుకే ఏం కనిపిస్తుంది, దాని వెనక ఏముంది, ఏం చేయాలి అనే వరసలో రాస్తున్నా.

సమస్య: అన్న పుస్తకం చదువుతున్నా, పాఠాలు కలవట్లేదు

మన రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, అంతకుముందు చదివిన అన్నవాళ్ల, అక్కవాళ్ల ఫిజికల్ సైన్స్ పుస్తకం వేరు. ఇప్పుడు కెమిస్ట్రీ భాగం నాలుగు పాఠాలే: రసాయన చర్యలు-సమీకరణాలు, ఆమ్లాలు-క్షారాలు-లవణాలు, లోహాలు-అలోహాలు, కార్బన్-దాని సమ్మేళనాలు. కొత్త పుస్తకమే తెచ్చుకోండి. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన పేజీల్లో ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ముందు తెలుగు పేజీ చదివి విషయం పట్టుకుని, తర్వాత పక్క పేజీకి పోతే త్వరగా ఎక్కుతుంది.

సమస్య: ఫార్ములాలు నిలవట్లేదు, నిన్న రాసింది ఈరోజు తప్పు వస్తుంది

ఫార్ములాని ఫోన్ నెంబర్ మాదిరి బట్టీ పడితే ఇట్లే అవుతుంది. ఫార్ములా గుర్తుపెట్టుకునేది కాదు, అప్పటికప్పుడు కట్టుకునేది. దానికి కావాల్సింది రెండే: గుర్తు, వేలెన్సీ.

గుర్తుల్లో తికమక పెట్టేవి కొన్నే ఉన్నాయి. సోడియంకి ఎన్ఏ, పొటాషియంకి కె, ఇనుముకి ఎఫ్ఈ, రాగికి సీయూ ఎందుకొచ్చాయంటే అవి నేట్రియం, కేలియం, ఫెర్రం, క్యుప్రం అనే లాటిన్ పేర్ల నుంచి వచ్చినవి, ఆ పేర్లు ఒకసారి రాసుకుంటే మళ్లీ మర్చిపోరు. ఇక వేలెన్సీకి ఒక అట్ట తీసుకుని రెండు వరసలు రాయండి. ఒక పక్క సోడియం, పొటాషియం, అమ్మోనియం 1, కాల్షియం, మెగ్నీషియం, జింక్ 2, అల్యూమినియం 3, ఇనుము 2 లేదా 3. ఇంకో పక్క క్లోరైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్, బైకార్బనేట్ 1, ఆక్సైడ్, కార్బొనేట్, సల్ఫేట్ 2, ఫాస్ఫేట్ 3. ఈ అట్టని చదువుకునే చోట గోడకి అంటించి రోజూ ఒక పక్కనుంచి ఒకటి, ఇంకో పక్కనుంచి ఒకటి తీసి, అంకెలు అటుదిటు ఇటుదటు మార్చి ఫార్ములా కట్టండి. అల్యూమినియం 3, ఆక్సిజన్ 2, కాబట్టి ఏఎల్2ఓ3. కాల్షియం హైడ్రాక్సైడ్ అయితే ఓహెచ్‌ని బ్రాకెట్లో పెట్టి బయట 2 వేయాలి, బ్రాకెట్ మర్చిపోతే ఆ 2 హైడ్రోజన్‌కి మాత్రమే పోతుంది, పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోటు ఇది. ఈ ఒక్క పని చక్కగా అయ్యేదాకా రెండో పాఠానికి పోవద్దని నేను గట్టిగా చెప్తా, వారం ఆలస్యమైనా సరే.

సమస్య: సమీకరణం బ్యాలెన్స్ కావట్లేదు, ఎంత చేసినా ఒక పక్క మిగిలిపోతుంది

నోట్సు తీసి చూస్తే రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. మొదటిది, ఫార్ములానే తప్పు రాసుకుని ఉంటారు, అట్లాంటప్పుడు రాత్రంతా కూర్చున్నా బ్యాలెన్స్ కాదు, పైన చెప్పిన అట్ట దగ్గరికి పోవాల్సిందే. రెండోది, ఫార్ములా లోపలి చిన్న అంకెని మార్చేస్తారు. ఆక్సిజన్ ఒకటి తక్కువైంది కదా అని హెచ్2ఓ ని హెచ్2ఓ2 చేస్తే లెక్క సరిపోతుందేమో గానీ అది నీళ్లు కాకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చుంటుంది, అంటే మీరు వేరే చర్య రాసినట్టు. ముందర వేసే అంకె మాత్రమే మీ చేతిలో ఉంది.

పద్ధతి ఇట్ల. ఇనుము, నీటి ఆవిరి కలిస్తే ఎఫ్ఈ3ఓ4, హైడ్రోజన్ వస్తాయి. వీటిల్లో ఎక్కువ పరమాణువులు ఉన్నది ఎఫ్ఈ3ఓ4, దాంతో మొదలుపెట్టండి. అందులో ఆక్సిజన్లు 4, ఎడమ పక్క నీళ్లలో ఒకటే, అందుకని నీళ్ల ముందు 4 వేయండి. ఇప్పుడు హైడ్రోజన్లు 8 అయినాయి కాబట్టి కుడి పక్క హెచ్2 ముందు 4. చివరగా ఇనుము, అది ఒంటరిగా ఉంది కాబట్టి దాన్ని ఆఖరికే పెట్టుకోవాలి, 3 వేస్తే అయిపోయింది. ఒంటరి మూలకాలు చివరికి అనే అలవాటు ఒక్కటి ఉంటే సగం తలనొప్పి పోతుంది.

సగం అంకె వచ్చిందని భయపడేవాళ్లకి గ్యాస్ సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ మంచి ప్రాక్టీసు, అది సీ4హెచ్10. ఒక బ్యూటేన్‌కి ఆరున్నర ఆక్సిజన్ అణువులు పడతాయి, అప్పుడు అన్నిట్నీ రెండుతో గుణిస్తే 2 బ్యూటేన్, 13 ఆక్సిజన్, 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీళ్లు. రెండు పక్కలా ఆక్సిజన్లు లెక్కపెట్టి చూసుకోండి, 26 రావాలి.

సమస్య: ఆమ్లం, క్షారం తేడా తెలుసు, కానీ పీహెచ్ వచ్చేసరికి తలకిందులు

పీహెచ్ అంటే ఒక ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, పెద్ద అంకె అంటే పెద్ద ఆమ్లం అనుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం బలం పెరుగుతుంది, 7 దగ్గర స్వచ్ఛమైన నీళ్లు, ఇంకా ఒక్కో అంకెకి పది రెట్లు తేడా, అంటే పీహెచ్ 3 ఉన్నదానికంటే 2 ఉన్నదాంట్లో హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు ఎక్కువ. నిమ్మరసం 2 చిల్లర, రక్తం 7.4.

ఇది చేత్తో చేసి చూస్తేనే నిలబడుతుంది. పసుపు నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టి సబ్బు నీళ్లు, తాంబూలం సున్నం నీళ్లు పెట్టి చూడండి, ఎర్రగా తిరుగుతుంది. అయితే పసుపుతో ఆమ్లాన్ని కనుక్కోలేం, నిమ్మరసం పెట్టినా మామూలు నీళ్లు పెట్టినా పసుపుగానే ఉంటుంది, అందుకే ఎర్ర మందార పూల రసం కూడా పెట్టుకోవాలి, అది ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ వైపు పోతుంది.

కార్బొనేట్ల దగ్గర మన సీమవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో పరిచిన కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయే, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం పడి అట్లే వదిలేస్తే పాలిష్ పోయి మచ్చ పడేది అందుకే. పాఠంలో సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే పాల మాదిరి అవుతుంది, ఇంకా పంపితే మళ్లీ తేటగా అవుతుంది అని ఉంటుంది, పిల్లలకి ఈ రెండో సగం ఎప్పుడూ ఎక్కదు. బెలుం గుహలు చూసొచ్చిన పిల్లోడికి చెప్పండి, కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు సున్నపురాయిని నీళ్లలో కరిగే కాల్షియం బైకార్బనేట్‌గా మార్చి మోసుకుపోవడం వల్లే రాతిలో అంత ఖాళీ ఏర్పడింది. ఆ బైకార్బనేట్ ఉన్న బోరు నీళ్లు కాచినప్పుడు చర్య వెనక్కి తిరిగి గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది. గుహ, గిన్నె, సున్నపు తేట, మూడింట్లో నడిచేది ఒకే సమీకరణం, అటు ఇటు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. బాత్రూం యాసిడ్ జోలికి పిల్లల్ని పోనీయొద్దు. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ పాఠానికి నిమ్మకాయ, చింతపండు, వంటసోడా చాలు.

సమస్య: లోహాల చర్యాశీలత వరస నోటికొచ్చు, ప్రశ్న ఇస్తే రాయలేరు

ఏ లోహం ఎక్కువ చురుగ్గా చర్య జరుపుతుందో పైనుంచి కిందికి చెప్పే జాబితానే ఈ వరస, అది దేనికి ఉందో తెలియకుండా నేర్చుకోవడం కారణం. పైన ఉన్న లోహం కింద ఉన్న లోహాన్ని దాని లవణంలోంచి బయటికి తోసేస్తుంది, అంతే. ఇది చీనీ (బత్తాయి) తోట ఉన్నవాళ్లింట్లో అయితే పుస్తకం లేకుండానే నేర్పొచ్చు. చెట్లకి తెగులు మందుగా వాడే బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీళ్లకి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఒక కిలో, సున్నం ఒక కిలో కలుపుతారు కదా, ఇనుప డ్రమ్ములో కలపొద్దంటారు, ప్లాస్టిక్‌దో మట్టిదో వాడమంటారు. ఇనుము రాగి కంటే పైన ఉంది, మైలుతుత్తంలోని రాగిని తోసేసి తను కరిగిపోతుంది, మందు చెడుతుంది, డ్రమ్మూ అరిగిపోతుంది. మిశ్రమం సరిగ్గా కుదిరిందా లేదా అని శుభ్రమైన కొడవలి ముంచి చూసేది కూడా ఇదే చర్య, కొడవలికి ఎర్రగా పూత పట్టిందంటే ఇంకా కలవని రాగి ఉంది, సున్నం తక్కువైంది అని. నాయన తోటలో చేసే పని పరీక్షలో వచ్చే ప్రశ్నే అని తెలిసిన పిల్లోడు ఆ వరసని ఎప్పటికీ మర్చిపోడు.

ఇంట్లో చేయాలంటే గాజు గ్లాసులో చిటికెడు మైలుతుత్తం కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన మేకు వేసి ఇరవై నిమిషాలు ఆగండి. నీలం తగ్గి పచ్చదనం వస్తుంది, మేకు గోధుమ రంగు అవుతుంది. మైలుతుత్తం విషం, పెద్దవాళ్లు పక్కన ఉండాలి, ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

సమస్య: కార్బన్ పాఠంలో పేర్లు కలిసిపోతున్నాయి

మీథ్, ఈథ్, ప్రోప్, బ్యూట్ అంటే కార్బన్లు 1, 2, 3, 4. ఏన్, ఈన్, ఐన్ అంటే కార్బన్ల మధ్య ఏకబంధం, ద్విబంధం, త్రిబంధం. రెండు ముక్కలు విడివిడిగా వస్తే పేరు దానంతటదే వస్తుంది. వాన పడగానే వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో జనం వెతుక్కునే వజ్రం, పెన్సిల్‌లోని గ్రాఫైట్ రెండూ కార్బనే, వజ్రంలో ఒక్కో కార్బన్ నాలుగింటితో, గ్రాఫైట్‌లో మూడింటితో కట్టుకుని ఉంటుంది, ఆ మిగిలిన ఎలక్ట్రాన్ వల్ల గ్రాఫైట్ కరెంటుని పోనిస్తుంది.

సమస్య: వీడియోలు చూస్తే అంతా తెలిసినట్టుంటుంది, రాయమంటే రాదు

చూడటం, రాయడం వేరు వేరు పనులు. వీడియో పది నిమిషాలు చూసి ఆపండి, ఫోన్ పక్క గదిలో పెట్టి, చూసింది తెల్ల కాగితం మీద రాయండి, రానిచోట గీత గీసి వదిలేసి తర్వాత పుస్తకంలో అదొక్కటే చూసుకోండి. మధ్యాహ్నం మన ఎండల్లో, అందులోనూ కరెంటు పోయినప్పుడు ఈ పని కుదరదు, తెల్లారుజామున గంట కూర్చుంటే చాలు.

సమస్య: డౌట్ వస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు

ఒక చిన్న నోట్సు పెట్టి, పేజీ నెంబరు వేసి, ఎంతవరకు అర్థమైంది, ఎక్కడ ఆగిపోయింది అనేది ఒక్క వాక్యంలో రాసుకోండి. చాలా డౌట్లు అట్ల రాసేటప్పుడే తీరిపోతాయి. మిగిలినవి వీధిలో ఇంటర్ ఎంపీసీ, బైపీసీ చదివే అన్ననో అక్కనో పట్టుకుని ఆదివారం ఒక్కసారిగా అడిగేయండి, వాళ్లకి కూడా రివిజన్ అవుతుంది, కాదనరు. అప్పటికీ తీరనివి ఆ పేజీ నెంబర్లతో సహా స్కూల్ తెరిచిన మొదటి వారంలో సార్ ముందు పెట్టండి.